కర్మ లేని వాక్యం

మా ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అనేవారు. ఆ పేరు పెట్టింది మా అయ్య. నాకు ఐదో ఆరో ఏళ్లప్పుడు, "రేపు నిన్ను సికాకుళం తీసుకెల్తానే గుంటా" అన్నాడట. నేను నమ్మలేదు. టౌనుకి వెళ్లేటప్పుడు మాత్రమే ఆయన వేసుకునే చెప్పుల జత తెచ్చి, నా తల కింద పెట్టుకుని పడుకున్నానట. ఎందుకే అని అడిగితే, "నువ్వు నన్నొగ్గీసి ఎలిపోతావు" అన్నానట. ఈ కథ ఆయన ఒడ్డున వల బాగుచేసుకునే ప్రతివాడికీ చెప్పాడు, ఆఖరికి నా పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకీ చెప్పాడు. ఆ రోజు సిగ్గుతో చచ్చాననుకోండి, కానీ అందులో అబద్ధమేమీ లేదు. పాలవాడి క్యానులో వేలు ముంచి చూసే రకాన్ని నేను. పెళ్లయి పాతికేళ్లయినా మా ఆయన "బజారుకెళ్లొస్తా" అంటే ఏ బజారుకో అడగనిదే గుమ్మం దాటనివ్వను.

ఒగ్గీడమంటే మా వైపు వదిలెయ్యడం. బుట్ట ఒగ్గీ, గొడవ ఒగ్గీ, నా జుట్టు ఒగ్గీ. చేతిలో ఉన్నది జారవిడవడానికీ, మనసులో ఉన్నది మరచిపోవడానికీ అదే మాట. మా అయ్య నోట్లో అది రోజుకి వందసార్లు ఆడేది. నేను చదువుకుని రాజాంలో ఒక బళ్లో తెలుగు టీచరునయ్యాక, ఆ మాటని ఎర్ర సిరాతో కొట్టెయ్యడమే నా ఉద్యోగమైంది. ఆరో తరగతి పిల్ల ఒకతి వ్యాసంలో "మా అమ్మ బడికాడ ఒగ్గీసి ఎలిపోనాది" అని రాసింది. దాన్ని "వదిలేసి వెళ్లిపోయింది" అని దిద్ది, పక్కన "ఎవరిని? కర్మ ఏది?" అని రాశాను. కర్త, కర్మ, క్రియ. ఎవరు, దేన్ని, ఏం చేశారు. ఆ మధ్యది లేకపోతే వాక్యం గాలిలో దీపమే అని పిల్లల చెవినిల్లు కట్టుకుని చెప్పేదాన్ని. సగం మార్కు కోసేదాన్ని కూడా.

మా ఊరు శ్రీకాకుళం దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. అయ్యకి డెబ్బై దాటాయి. వేటకి వెళ్లడం మానేసి చాలాకాలమైంది కానీ చుట్ట మానలేదు. ఊపిరితిత్తులు ఎప్పుడో చెడ్డాయి. ఆ ఏడు జూలై ఆఖర్లో జ్వరంతో మొదలై రెండు రోజుల్లోనే ఊపిరందకుండా పోయింది. తమ్ముడు ఆయన్ని శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చి నాకు ఫోన్ చేశాడు. బడికి సెలవు చీటీ పడేసి రాజాం నుంచి బస్సెక్కాను.

జూలై ఆఖరంటే మా ఊరి మగవాళ్లకి ప్రయాణాల కాలం. ఆగస్టులో గుజరాత్‌లో వేట మొదలవుతుంది. వెరావల్ పడవల మీద పనికి మా వాళ్లు జట్లు జట్లుగా రైలెక్కుతారు, వేసవి దాకా రారు. మా తమ్ముడు పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాడు. పడవ నడిపే సరంగు జట్టుని ముందే కట్టుకుంటాడు. చెప్పిన రోజుకి రాని మనిషి చోటు ఇంకొకడికి పోతుంది.

అందుకే ఆసుపత్రిలో వాడి ఫోను మోగినప్పుడల్లా నా చెవులు నిక్కబొడుచుకునేవి. ఫోనొస్తే వాడు నా పక్కనించి లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు. గుసగుసగా మాట్లాడేవాడు. వచ్చి కూర్చున్నాక "ఎవర్రా?" అంటే "ఎవుల్నేదప్పా" అనేవాడు. అప్ప అంటే మా వైపు అక్క. ఎవరూ లేకుండానే పది నిమిషాలు మాట్లాడతారా ఎక్కడైనా? తండ్రి లోపల ప్రాణంతో పెనుగులాడుతుంటే వీడికి వెరావల్ కావాల్సొచ్చింది అనుకున్నాను. ఛీ అనిపించింది.

వాడికి ఇంకో బెంగ ఉంది. ఊరి బయట ఊపిరిపోయిన మనిషిని మా ఊళ్లో గడప లోపలికి రానివ్వరు. ఎంత గొప్పగా బతికినా సరే, వాకిట్లోనే దించి, అక్కణ్ణించే తీసుకుపోతారు. మా అమ్మ అలాగే ఆసుపత్రిలో పోయింది. ఆమెని తన ఇంట్లోకే రానివ్వలేదు. ఆ రోజు అయ్య గడపమీద కూర్చుని ఎంత ఏడ్చాడో తమ్ముడూ నేనూ చూశాం. "ఊపిరుండగా ఇల్లు సేర్సాలప్పా" అని వాడు రెండు మూడుసార్లు అన్నాడు. మామూలు మనిషికి అది ప్రేమగా వినబడేది. నాకు తొందరగా వినబడింది.

మూడో రోజు పొద్దున్న ఐసీయూలోకి ఒక్కొక్కరినే ఐదేసి నిమిషాలు పంపారు. ముందు నేను వెళ్లాను. అయ్య మొహానికి పెద్ద మాస్కు బిగించి ఉంది, దాని పట్టీలు బుగ్గల్లోకి దిగబడ్డాయి. మెషీను గాలి కొడుతుంటే బుగ్గలు పొంగి తగ్గుతున్నాయి. ఆకుపచ్చ దుప్పటి మెడదాకా కప్పి ఉంది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు. మాస్కు లోపల్నించి ఏదో అన్నాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను.

"ఒగ్గీ" అన్నాడు. మళ్లీ, "ఒగ్గీ... ఒగ్గీ."

నుదుటి మీద చెయ్యి వేసి, "అలాగే అయ్యా, అలాగే" అన్నాను. తల అటూ ఇటూ ఊపాడు. అది బాధ అనుకున్నాను. కళ్లనీళ్లు ఆగక, ఐదు నిమిషాలూ పూర్తి కాకుండానే బయటికి వచ్చేశాను. నా తరవాత తమ్ముడు వెళ్లాడు. వాడు గడువు దాటినా బయటికి రాలేదు, నర్సు కసిరి పంపించింది. ఏం చేస్తున్నాడు లోపల అంతసేపు, అని నాకు అప్పుడే అనిపించింది.

కాసేపటికి డాక్టరు మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. కుర్ర డాక్టరు, గుంటూరు వైపు మాట. అతని మీద కూడా నాకు అనుమానమే. మంచం ఖాళీ చేయించడానికి పిలిచాడేమో అనుకుంటూనే కూర్చున్నాను. కానీ అతను నిదానంగా, కళ్లలోకి చూసి మాట్లాడాడు.

"మాస్కుతో ఆగట్లేదమ్మా. గొంతులోకి గొట్టం వేసి మెషీను మీద పెట్టాలి. పెడితే బయటపడొచ్చు. పడకపోవచ్చు కూడా. ఈ ఊపిరితిత్తులతో ఒకసారి పెట్టాక తీయడం కష్టం కావచ్చు. వద్దనుకుంటే బాధ తెలియకుండా మందులిచ్చి చూసుకుంటాం, ఇంటికి తీసుకెళ్తామన్నా పంపిస్తాం. ఇందులో ముఖ్యం మీ ఇష్టం కాదు, ఆయన ఇష్టం. ఇలాంటివి వద్దని ఎప్పుడైనా చెప్పారా?"

మా ఇళ్లల్లో అలాంటివి ఎవరు మాట్లాడుకుంటారు? చావు మాటెత్తితే నోటిమీద కొడతారు.

అతనే అన్నాడు, "నిన్నట్నించీ ఏదో ఒకటే మాట అంటున్నారు. ఉగ్గు, ఉగ్గు అని. మా సిస్టరు కేరళ అమ్మాయి, ఆమెకి తెలీలేదు. నాకూ తెలీలేదు. ఆకలేమో అనుకున్నాం."

అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా వచ్చింది. మా మాట పెద్ద చదువులు చదివినవాడికి అర్థం కాలేదు, దానికి అర్థం చెప్పగలిగేది నేను. టీచరు గొంతుతోనే చెప్పాను. "ఉగ్గు కాదండీ, ఒగ్గీ. మా వైపు మాట. 'నన్ను వదిలెయ్యండి' అంటున్నాడు."

డాక్టరు పెన్ను ఆపి, "నన్ను వదిలెయ్యండి" అని తనలో తాను ఒకసారి అనుకున్నాడు. మెల్లగా తలాడించాడు. పక్కన తమ్ముడు నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. వాడి మొహంలో ఏదో కదిలింది. అది ఊరట అని నేను తీర్మానించేశాను. పనైపోయింది కదా, రైలు దొరుకుతుంది కదా అనుకున్నాడు వెధవ, అని కడుపు మండిపోయింది.

గొట్టం వద్దు, ఇంటికి తీసుకెళ్తాం అని కాగితం రాసివ్వమన్నారు. తమ్ముడికి రాత అంతంతమాత్రం. నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా. "మా తండ్రిగారు నన్ను వదిలెయ్యండి అని కోరినందున" అని మొదలుపెట్టాను. కొడుకు కాబట్టి సంతకం వాణ్ణి పెట్టమన్నాను. పెట్టాడు. ఆ క్షణం నించీ ఆ పని వాడిదే అని నా లెక్క.

అంబులెన్సులో మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. అయ్య ఊపిరితోనే గడప దాటాడు. ఊరంతా వాకిట్లో నిలబడింది. మాస్కు తీసేసి ముక్కులో సన్నటి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మందుల మగతలో ఉన్నాడు, మాటలేదు. నేను పక్కన కూర్చుని దుప్పటి సర్దుతూ చూశాను. ముక్కు దూలం మీద, మాస్కు అంచు ఒత్తుకున్నచోట చర్మం లేచి పుండు పడింది. కొబ్బరినూనె రాశాను.

చేతులు బయటికి తీసి చూస్తే, రెండు మణికట్లకీ కట్టు గుడ్డ. కత్తెరతో కత్తిరించిన కొసలు వేలాడుతున్నాయి. ఆసుపత్రిలో ఆయన చేతులు మంచానికి కట్టేశారన్నమాట. కుడిచేతి ముడి గుడ్డివాడు వేసినట్టు ముద్దగా ఉంది. ఎడమచేతి ముడి మాత్రం వేరు. అది మా ముడి. వల చుట్టి కట్టేటప్పుడు వేసే ముడి, ఒక కొస పట్టుకుని లాగితే చాలు, ఊడి చేతిలోకొస్తుంది. కేరళ నర్సుకి అది రాదు. మా వాళ్లలో ఎవరో వేశారు. లోపలికి వెళ్లింది మేమిద్దరమే, నేను దుప్పటే ఎత్తలేదు.

"ఏటిదిరా?" అన్నాను. నాకు కోపమొస్తే నా తెలుగు మారిపోతుంది.

"ఆసుపత్రోళ్లు కట్టినారప్పా."

"ఈ ముడి కూడానా?"

వాడు చూపు తిప్పేసుకున్నాడు. "ఇప్పుడొద్దప్పా. ఊరుకో."

ఊరుకోమంటే ఊరుకునేదాన్నా నేను! కన్నతండ్రి చేతులు కట్టేసిన కొడుకుని ఎక్కడైనా విన్నామా? కానీ చుట్టూ జనం. మరదలు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. కొస లాగాను, ఎడమచేతి ముడి ఊడిపోయింది. కుడిచేతిది ఎంతకీ రాక కత్తెర తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక అయ్య పోయాడు. తమ్ముడు తులసి నీళ్లు పోశాడు, నేనూ పోశాను. సగం పక్కకి కారిపోయాయి.

పన్నెండు రోజులూ నేను వాడితో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టమంటే పెట్టాను. ఏదైనా అడిగితే గోడకి చెప్పినట్టు చెప్పాను. అనుమానం పెనుభూతం అంటారు. ఆ పన్నెండు రోజులూ అది నాతోపాటే తిని నాతోపాటే పడుకుంది. కర్మలన్నీ అయిపోయిన మర్నాడు తువ్వాలు కోసం గదిలోకి వెళ్తే, వాడి సంచి సర్ది ఉంది. పైజేబులో రైలు టిక్కెట్టు. తీసి చూశాను. ఆ పని చెయ్యకూడదని తెలుసు, చేశాను.

వాకిట్లో వాడు అయ్య పాత వల ముందేసుకుని కూర్చున్నాడు. మరదలు చేపలు కడుగుతోంది. టిక్కెట్టు వాడి ముందు పడేశాను.

"దీనికోసమేనా? సరంగు ఫోన్ చేశాడు, నీకు తొందరయింది. అయ్యకి గొట్టం వద్దన్నావు. ఆయన చేతులు కూడా నువ్వే కట్టేశావు. కాదని నా మొహం చూసి చెప్పు."

మరదలి చేతిలో చేప జారి నీళ్లలో పడింది. తమ్ముడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. వాడు వల కింద పెట్టి, టిక్కెట్టు తీసి మట్టి దులిపాడు.

"నానెక్కడొద్దన్నానప్పా? డాక్టరుబాబుకి సెప్పింది నువ్వే కదేటి."

"అయ్య అన్నమాటే చెప్పాను."

"అయ్య 'నన్ను' అని అన్నేదు కదప్పా. ఉత్తినే ఒగ్గీ అన్నాడు."

నాకు వెంటనే తట్టలేదు. తట్టాక వెళ్లి అరుగుమీద కూర్చున్నాను.

వాడు నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. "నీ ఎనకాల నాను లోపలికెల్లినాను. నాతోటీ అదే మాట. ఒగ్గీ, ఒగ్గీ. ఏటొగ్గీమంటావయ్యా అనడిగినాను. కళ్లతోటి దుప్పటి సూపించినాడు. ఎత్తి సూద్దును గదా, సేతులు రెండూ మంచానికి కట్టీసున్నాయి. మాస్కు కదిపీస్తన్నాడనీసి కట్టినారట. నర్సమ్మ అటు తిరిగిందని ఎడం సెయ్యి ఇప్పీసినాను."

"ఇప్పితే?" అడిగాను. "మాస్కు పీకేసుకున్నాడా?"

"నేదప్పా. ముక్కు గోక్కున్నాడు."

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది.

"మాస్కు కింద యేలు పెట్టి, పుండు కాడ గోక్కున్నాడు. కళ్లు మూసీసుకుని, ఎంత సుఖపడిపోనాడో. అంతే. మళ్లీ తనే సెయ్యి పక్కకి సాపీసినాడు, కట్టీమన్నట్టు. నాను కొస యేళ్లకందేటట్టు, లాగితే ఊడే ముడేసినాను. దురదేస్తే నాగీసుకో అయ్యా, అన్నాను. తలూపినాడు."

"మరి డాక్టరు ముందు ఎందుకు చెప్పలేదురా? నోరు పడిపోయిందా నీకు?" అరిచాను. అరిచింది వాడి మీద కాదని వాడికీ తెలుసు.

"నువ్వు సదువుకున్నదానివి. నీతోటి ఇంకేటైనా సెప్పినాడేమో అనుకున్నాను. పెద్ద డాక్టరు కాడ అప్ప మాట తప్పంటే బాగుంటాదేటి?" వల మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ, "గొట్టమేసినా దక్కీవోడు కాడేమోలే. ఒగ్గీప్పా" అన్నాడు.

మర్నాడు వాడు వెరావల్ రైలెక్కాడు. సరంగు చోటు ఉంచాడట. ఫోన్లు చేసింది ఆ సరంగే, మెట్ల దగ్గర తమ్ముడు అతన్ని అడిగింది ఇంకో పదిహేను రోజుల గడువు. అది కూడా మరదలు చెబితే తెలిసింది. మా ఊరి మలుపుదాకా వెళ్లి సాగనంపాను.

నా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? వాడు వెళ్లాక ఆ మాటల మీద కూడా అనుమానపడ్డాను. తప్పు నామీదికి తోసేయడానికి అల్లిన కథేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అయితే బాగుండునని చాలా రోజులు కోరుకున్నాను. కానీ ఆ ముడి నా చేత్తో నేను విప్పిందే. వాడు వేసింది ఆసుపత్రిలో. ఒక్క కొస లాగితే చెయ్యి ఆయనది, మాస్కు తీసి పారెయ్యవచ్చు. వలల మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఆ ముడి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను చూసేసరికి ఆ ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆయన లాగలేదు.

ఈమధ్య స్టాఫ్ రూములో మాటలొచ్చాయి. ప్రాణం మీదికొచ్చినప్పుడు మెషీన్లు పెట్టొద్దని మనిషి ముందుగానే కాగితం రాసి పెట్టుకోవచ్చట, చట్టం ఒప్పుకుంటుందట. లెక్కల మాస్టారు మంచిదే కదండీ అన్నాడు. మంచిదే అన్నాను. బాధపడే మనిషిని పోనివ్వడం పాపమని నేను ఈనాటికీ అనుకోను. అయ్య నిజంగానే పోనివ్వమని అడిగుంటే ఆ కాగితం మళ్లీ రాస్తాను. ఆయన అడిగాడా అన్నదే నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఐదు నిమిషాలిచ్చారు, నేను ముందే లేచి వచ్చేశాను. ఏటొగ్గీమంటావయ్యా అని రాతలేని నా తమ్ముడు అడిగాడు. పిల్లల పుస్తకాల నిండా "కర్మ ఏది?" అని రాసే నేను అడగలేదు.

ఇప్పుడు ఎర్ర పెన్ను పట్టుకుంటే ఆ ఆరో తరగతి పిల్ల వాక్యమే గుర్తొస్తుంది. ఆ పిల్ల రాయని మాట నేను రాయించాను. ఆసుపత్రిలోనూ అదే చేశాను. "నన్ను" అన్నది అయ్య నోట రాలేదు. ఆయన చెప్పుల మీద తల పెట్టుకుని పడుకున్న రోజునించీ, మా ఇంట్లో 'నన్నొగ్గీసి ఎలిపోతావు' అన్నది నేనొక్కదాన్నే.